సంతకం పెట్టనంటే కోర్టు ఏం చేస్తుంది?
ఐర్లండ్‌లో కాపురం ఉన్న ఇంటి అమ్మకం, తాకట్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఐర్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇల్లు కొనేటప్పుడు పెద్దగా పట్టించుకోని చట్టం ఒకటుంది. అది 1976 జూలై 12న వచ్చిన కుటుంబ గృహ రక్షణ చట్టం. ఇల్లు భర్త ఒక్కడి పేరు మీదో, భార్య ఒక్కదాని పేరు మీదో ఉన్నా, అది ఇద్దరూ కాపురమున్న ఇల్లయితే రెండోవారి సమ్మతి ముందుగా, రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే అమ్మకం చెల్లదు, తాకట్టు చెల్లదు, లీజు కూడా చెల్లదు. ఆ సమ్మతి దొరకనప్పుడు కోర్టుకు వెళ్లే దారిని 4వ సెక్షన్ చూపిస్తుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు దీని చుట్టూనే ఉన్నాయి.

ప్రశ్న: మేం డబ్లిన్ శివార్లలో ఉంటాం. ఇల్లు, లోను రెండూ నా పేరు మీదే. నాకు కార్క్‌లో ఉద్యోగం వచ్చింది. ఇది అమ్మేసి అక్కడికి మారదామంటే మా ఆవిడ ససేమిరా అంటోంది. పిల్లలిద్దరూ ఇక్కడి బడిలోనే చదువుతున్నారు. ఆమె సంతకం అక్కర్లేదని కోర్టు చేత అనిపించుకోవచ్చా?

జవాబు: అడగొచ్చు. కానీ మీరు రాసిన వివరాలతోనే వెళ్తే ఉత్తర్వు రావడం కష్టం.

సమ్మతి ఇవ్వకపోవడం అసమంజసం అని తేలితే తప్ప కోర్టు దాన్ని పక్కన పెట్టకూడదని చట్టం ఖరాఖండీగా చెప్పింది. 'నాకు అమ్మాలని ఉంది, ఆమెకు లేదు' అన్నంత మాత్రాన సరిపోదు. మీ ఆలోచన తెలివైనదే కావచ్చు. అయినా ఆమె ఆలోచనలో కాస్త న్యాయం ఉంటే చాలు, కోర్టు ఆమె చేతిలోని హక్కును లాక్కోదు. జడ్జి తేల్చేది ఎవరి ప్లాను మెరుగైనదని కాదు, ఆమె కాదనడానికి సబబైన కారణం ఉందా లేదా అని. ఈ తేడా పట్టుకోకుండా వెళ్లే దరఖాస్తులు తొలి వాయిదాలోనే నీరుగారిపోతాయి.

పరిస్థితులన్నిటినీ లెక్కలోకి తీసుకోమంటూనే చట్టం రెండు విషయాలను పేరు పెట్టి చెప్పింది. మొదటిది, మీ ఇద్దరి అవసరాలు, ఆర్థిక వనరులు, మీ మీద ఆధారపడిన పిల్లల అవసరాలు. రెండోది, ఆమెకు వేరే నివాసం చూపిస్తున్నట్టయితే అది తగినదేనా అన్నది. ఈ రెండోదాంట్లో ఒక మెలిక ఉంది. ఇప్పటి ఇంట్లో ఆమెకు ఉన్న నివాస భద్రత ఎంత, కొత్తచోట ఉండబోయే భద్రత ఎంత అని పోల్చి చూడాలి. సొంతింట్లో ఉన్న మనిషికి అద్దె ఇల్లు చూపించి 'గదులు ఇక్కడికంటే పెద్దవి' అంటే ఆ పోలికలో నెగ్గరు. ఇంటి యజమాని అమ్ముకుంటానని నోటీసు ఇచ్చిన రోజున ఆమె, పిల్లలు ఎక్కడికి వెళ్లాలో మీ దగ్గర జవాబు ఉండాలి.

కాబట్టి కోర్టు మెట్లెక్కే ముందు కాగితాల మీద లెక్క వేయండి. ఇల్లు 4,60,000 యూరోలు పలుకుతుందనుకుందాం. లోను 2,90,000 మిగిలి ఉంది. చేతికొచ్చేది 1,70,000. అందులోంచి ఎస్టేట్ ఏజెంటు కమిషను, సొలిసిటర్ (ఆస్తి కాగితాలు, కేసులు చూసే వకీలు) ఫీజు పోవాలి. ఫిక్స్‌డ్ రేటు లోను మధ్యలో తీర్చేస్తే బ్యాంకు వేసే రుసుము ఉంటే అదీ పోవాలి. కొత్త ఇంటి స్టాంప్ డ్యూటీ, సామాను తరలింపు వీటికి తోడు. నిజంగా మిగిలేదానితో కార్క్‌లో ఎలాంటి ఇల్లు వస్తుంది, బ్యాంకు మీకు ఎంత ఇస్తానంటోంది, కొత్త బడిలో పిల్లలకు సీటు ఖాయమైందా, మీ ఆవిడ ఉద్యోగం చేస్తుంటే దాని సంగతేమిటి? వీటిలో ప్రతిదానికీ ఒక కాగితం ఉండాలి. బ్యాంకు నుంచి సూత్రప్రాయ ఆమోద పత్రం, బడి నుంచి ఉత్తరం, రెండు వేర్వేరు ఏజెంట్లు ఇచ్చిన విలువ అంచనాలు, లోను బాకీ స్టేట్‌మెంటు లాంటివి.

ఆ తర్వాత మీ సొలిసిటర్ ద్వారా ఆమెకు ఉత్తరం పంపండి. ఏ ధరకు అమ్మబోతున్నారు, డబ్బు ఎలా పంచి ఖర్చు పెడతారు, ఎక్కడ ఉంటారు అన్నది స్పష్టంగా రాసి, సమ్మతి పత్రం నమూనా జతచేసి, జవాబుకు మూడు వారాల గడువు ఇవ్వండి. సొంతంగా వకీలు సలహా తీసుకొమ్మని అందులోనే రాయండి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు. సమ్మతి 'ఇవ్వలేదు' లేదా 'నిరాకరించారు' అని మీరే రుజువు చేయాలి. వంటింట్లో జరిగిన మాటామాటా కోర్టులో రుజువు కింద నిలబడదు.

ఇక అందరూ బోల్తా పడేది ఇక్కడే. చట్టం దృష్టిలో 'బదిలీ' అంటే రిజిస్ట్రేషన్ నాటి దస్తావేజు ఒక్కటే కాదు. అమల్లో పెట్టగలిగే ఒప్పందం కూడా బదిలీయే, అది షరతులతో కూడినదైనా సరే. 'కోర్టు ఉత్తర్వు వస్తేనే' అని షరతు రాసుకుని ముందు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేయొచ్చు అనుకుంటారు. అది ప్రమాదం. ఇల్లు మార్కెట్లో పెట్టొచ్చు, బుకింగ్ డిపాజిట్ తీసుకోవచ్చు. కాంట్రాక్టు మీద సంతకాలు పడేదాకా ఆ డిపాజిట్ తిరిగి ఇచ్చేయదగినదే కాబట్టి దానితో ఎవరూ కట్టుబడరు. కాంట్రాక్టు మాత్రం ఉత్తర్వు చేతికొచ్చాకే. వరస తప్పితే తర్వాత తెచ్చుకున్న ఉత్తర్వు పాత కాంట్రాక్టుకు ప్రాణం పోయదు. అన్నీ మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. ఈలోగా కొనేవారు వెళ్లిపోతారు.

ఇలాంటి దరఖాస్తును మామూలుగా సర్క్యూట్ కోర్టులో ఫ్యామిలీ లా సివిల్ బిల్లు (కుటుంబ కేసుల దావా పత్రం) రూపంలో వేస్తారు. హైకోర్టుకూ అధికారం ఉంది. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, బయటివాళ్లను రానివ్వరు. మీ విషయంలో మా సలహా వేరు. కొత్త ఇంటిని ఇద్దరి పేరు మీదా తీసుకుంటానని రాతపూర్వకంగా చెప్పి, పిల్లల విద్యాసంవత్సరం అయ్యేదాకా అమ్మకం వాయిదా వేయండి. ఈ రెండు మాటలతోనే చాలా ఇళ్లలో సంతకం వచ్చేస్తుంది. అప్పటికీ ఆమె కాదంటే, అప్పుడు మీ దరఖాస్తుకు బలం వస్తుంది.

ప్రశ్న: లిమరిక్‌లో ఇల్లు నా పేరు మీదే ఉంది, ఈఎంఐ నేనే కడుతున్నాను. మా ఆయన మూడేళ్ల క్రితం ఇల్లు వదిలి వెళ్లిపోయారు. పైసా పంపరు, ఫోన్ ఎత్తరు. ఇల్లు అమ్ముదామంటే ఆయన సంతకం కావాలంటున్నారు. ఇదేం న్యాయం?

జవాబు: అమ్మా, మీ కోపం సహజమే. కానీ ఈ విషయంలో చట్టం మీ వైపే ఉంది. పైన మొదటి ప్రశ్నలో కోర్టుకు విచక్షణ ఉంది. మీలాంటి సందర్భంలో అది లేదు. సమ్మతి ఇవ్వాల్సిన వ్యక్తి మిమ్మల్ని విడిచిపెట్టి, ఇప్పటికీ విడిచిపెట్టే ఉంటే, కోర్టు ఆ సమ్మతిని పక్కన పెట్టి తీరాలి. అవసరాలు, ఆదాయాలు అంటూ తూకం వేసే పని అక్కడ ఉండదు.

కాకపోతే 'విడిచిపెట్టడం' అన్నమాటను రుజువు చేయాలి. వేరుగా ఉండటం, కాపురం ముగించాలన్న ఉద్దేశం, మీ అంగీకారం లేకపోవడం, ఆయనకు సరైన కారణం లేకపోవడం అనే నాలుగూ కనిపించాలి. ఇద్దరూ మాట్లాడుకుని వేరు పడితే అది విడిచిపెట్టడం కాదు. అప్పుడు మళ్లీ సమంజసమా కాదా అన్న పరీక్షకే వెళ్లాలి. ఇన్నేళ్లు దాటాలన్న లెక్క ఈ సెక్షన్‌లో లేదు. అది విడాకుల చట్టాల్లోది, దానితో కలిపి గందరగోళపడొద్దు. విచారణ నాటికి కూడా ఆ పరిస్థితి కొనసాగుతూ ఉండటమే ముఖ్యం. ఆయన వెళ్లిన తేదీ, ఆ తర్వాతి మెసేజీలు, మీ ఖాతాలోంచే ఈఎంఐ పోయినట్టు చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఖర్చులకు డబ్బు రాలేదన్న ఆధారాలు, వీటన్నిటినీ తేదీల వరసలో పెట్టుకోండి.

ఈ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. మన ఆడపిల్లలు చాలామందికి ఇది తెలియాలి. భర్త ప్రవర్తన భరించలేక, తగిన కారణంతో భార్యే బయటికి వెళ్లాల్సి వస్తే, చట్టం దృష్టిలో విడిచిపెట్టింది ఆమె కాదు, అతడు. దెబ్బలు తట్టుకోలేక స్నేహితుల ఇంటికో షెల్టర్‌కో వెళ్లిన మనిషిని 'నువ్వే కదా ఇల్లొదిలి పోయావు' అని ఎదురు ప్రశ్న వేయడానికి వీల్లేకుండా ఈ మాట పెట్టారు. అలాంటి స్థితిలో ఉన్నవారు రక్షణ ఉత్తర్వులు, గార్డా (ఐర్లండ్ పోలీసు) ఫిర్యాదులు, డాక్టరు రాసిన చీటీలు ఏవీ పారేయొద్దు.

మీ ఆయన ఎక్కడున్నారో అసలే తెలియకపోతే దారి మరొకటి. తగినంత విచారించినా ఆచూకీ దొరకకపోతే, సబబని తోచినప్పుడు కోర్టే ఆయన తరఫున సమ్మతి ఇవ్వగలదు. ఆ 'తగినంత' అన్నది కాగితం మీద కనపడాలి. ఆఖరి చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం తిరిగొచ్చిన కవరుతో సహా, ఆయన ఇదివరకు ఉద్యోగం చేసిన సంస్థకు రాసిన లేఖ, కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఉన్న అత్తింటివారికి రాసిన ఉత్తరం, వాళ్ల జవాబు, ఈమెయిల్, వాట్సాప్ ప్రయత్నాల స్క్రీన్‌షాట్లు. అత్తగారితో మాటలు లేవని ఆ ఉత్తరం మానేయొద్దు. 'ఆయన తల్లిని అడిగారా?' అన్న ప్రశ్న రాకుండా పోదు. ఆచూకీ తెలిసీ నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటుంటే, ఈమెయిల్ ద్వారానో బంధువు ద్వారానో నోటీసు అందించేందుకు కోర్టు అనుమతి కోరొచ్చు.

ఆదాయం తక్కువైతే న్యాయసహాయం అందించే లీగల్ ఎయిడ్ బోర్డుకు దరఖాస్తు పెట్టండి. ఆదాయ, ఆస్తుల పరీక్ష ఉంటుంది. వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉండొచ్చు కాబట్టి ఇల్లు అమ్మకానికి పెట్టకముందే మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: మా ఆవిడ గుంటూరులోనే ఉంటుంది. ఒక్కసారి కూడా ఐర్లండ్ రాలేదు. నేను గాల్వేలో కొన్న ఫ్లాట్ అమ్ముకోవడానికి ఆమె సమ్మతి కావాలా?

జవాబు: చట్టం ప్రకారం కుటుంబ గృహం అంటే దంపతులు సాధారణంగా నివసించే ఇల్లు. లేదా రక్షణ కోరుతున్న వ్యక్తి నివసించే ఇల్లు, లేదా భాగస్వామిని విడిచి వెళ్లకముందు నివసించిన ఇల్లు. ఆమె అక్కడ అడుగే పెట్టకపోతే అది ఈ నిర్వచనంలోకి రాదు. అలాంటప్పుడు కోర్టుకు పోయే పనే లేదు. మీ పెళ్లి, ఆమె ఎక్కడ ఉంటోంది, ఫ్లాట్‌లో ఎన్నడూ నివసించలేదన్న సంగతి అన్నీ చట్టబద్ధ డిక్లరేషన్‌లో నిజంగా రాసివ్వాలి. 'పెళ్లికాలేదు' అని రాసేసి పని ముగించుకుందామన్న ఆలోచన మాత్రం రానివ్వొద్దు. తెలిసీ తప్పుడు సమాచారం ఇస్తే ఈ చట్టం కిందే నేరం, జైలు శిక్ష దాకా వెళ్తుంది.

ఇంత చెప్పినా కొనేవారి సొలిసిటర్ ఆమె సంతకం అడగొచ్చు. అది వారి జాగ్రత్త. ఎందుకంటే ఐర్లండ్ సుప్రీంకోర్టు 1979లోనే ఒక కేసులో, భర్త ఇచ్చిన డిక్లరేషన్‌ను నమ్మి భార్యను అడగకుండా కొన్న కొనుగోలుదారు పక్షాన నిలవలేదు. ఆమె వేరుగా ఉంటున్నా, వాళ్ల మధ్య వేర్పాటు ఒప్పందం ఉన్నా, వాకబు చేయకపోవడం తప్పేనంది. అప్పటినుంచి ఏ సొలిసిటరూ దీన్ని తేలిగ్గా తీసుకోడు. వాదించి నెలలు పోగొట్టుకోవడం కంటే సంతకం తెప్పించడమే సులువు.

గుంటూరులో సంతకం ఎలా? మీ సొలిసిటర్ ఇచ్చిన నమూనానే వాడాలి, సొంతంగా టైపు చేయించొద్దు. కాంట్రాక్టు తేదీ కంటే ముందు తేదీ ఉండాలి. ఆస్తి చిరునామా, ఫోలియో నంబరు (ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ ఆస్తి నమోదు సంఖ్య), ఏ లావాదేవీకి సమ్మతో స్పష్టంగా ఉండాలి. నోటరీ ముందు పాస్‌పోర్టు చూపించి, సంతకం అక్కడే పెట్టాలి. ఇంటి దగ్గర పెట్టేసి నోటరీ ముద్ర వేయించుకొచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మనవాళ్లలో మామూలే. రెండూ ఒకరివేనని ఒక అఫిడవిట్ కలపాలి. అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) అడిగితే భారత విదేశాంగ శాఖ ద్వారా చేయించుకోవచ్చు, రెండు దేశాలూ ఆ ఒడంబడికలో ఉన్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చదివి వినిపించినట్టు, అర్థమైనట్టు రాసి, చదివి వినిపించినవారి సంతకం కూడా ఉండాలి. దాని అవసరం ఏమిటో తర్వాతి జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: వ్యాపారం కోసం మా ఆయన ఇంటిమీద బ్యాంకులో మరింత లోను తీసుకున్నారు. 'ఫార్మాలిటీ, ఇక్కడ సంతకం పెట్టు' అంటే పెట్టాను. ఇప్పుడు ఇల్లు పోయేలా ఉంది. సంతకం పెట్టేశాను కాబట్టి ఇక చేసేదేమీ లేదా?

జవాబు: ఉండొచ్చు. సమ్మతి అంటే కాగితం మీద పేరు రాయడం కాదు, ఏం చేస్తున్నారో పూర్తిగా తెలిసి ఒప్పుకోవడం. 1995లో ఐర్లండ్ సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో భార్య, తాకట్టు పొలానికే కానీ ఇంటికి కాదనుకుని సంతకం పెట్టింది. ఆ సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం, స్వతంత్ర సలహా తీసుకొమ్మనడం బ్యాంకు తన తాకట్టును కాపాడుకోవడానికైనా చేసి ఉండాల్సిన పని. అందుకే ఇప్పుడు బ్యాంకులు, ఇల్లు ఎవరి పేరు మీద లేదో వాళ్లను వేరే సొలిసిటర్ దగ్గరికి వెళ్లి సలహా తీసుకున్నట్టు పత్రం తెమ్మంటాయి.

కాబట్టి మీ కేసులో మొదట తెలుసుకోవాల్సింది మీ సలహా పత్రం ఉందా లేదా అని. మీరు సొలిసిటర్‌ను కలిసి, ఆయన వివరించి, మీరు ఒప్పుకున్నట్టు సంతకం చేసి ఉంటే దాని మీద పోరాడటం చాలా కష్టం. అలాంటి కాగితమే లేకపోతే, లేదా భర్త కళ్లముందే, ఆయన సొలిసిటర్ దగ్గరే పెట్టించి ఉంటే బలమైన అంశమే. లోను ఫైలు మొత్తం నకలు ఇవ్వమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

గడువు గుర్తుంచుకోండి. సమ్మతి లేదన్న కారణంతో బదిలీ చెల్లదని ప్రకటించమని కోరాలంటే ఆ బదిలీ జరిగిన తేదీ నుంచి 6 ఏళ్లలోగా దావా వేయాలి. ఆ 6 ఏళ్లు నిండకముందునుంచీ దావా వేసే రోజు వరకూ ఇంట్లోనే ఉంటున్న భార్యకో భర్తకో ఈ గడువు అడ్డురాదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లడానికి ముందు ఈ సంగతి మీ వకీలుతో మాట్లాడండి. చాలామంది అత్తింటితో గొడవపడి బయటికొచ్చేసి, ఆ తర్వాత దీని గురించి అడుగుతారు.

ఇంకో సంగతి. ఈఎంఐలు ఆగిపోయి బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి కోర్టుకెళ్లినా, మీరు బకాయిలు, తర్వాతి వాయిదాలు కట్టగలనని చూపిస్తే ఆ కేసును వాయిదా వేసే అధికారం కోర్టుకు ఉంది. లోను మీ పేరు మీద లేకపోయినా మీరు కట్టిన వాయిదా భర్త కట్టినట్టే లెక్క. 'మీరు కస్టమర్ కాదు, మీ డబ్బు తీసుకోం' అని బ్యాంకు అనకూడదు. మీ ఆయన మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేయాలన్న ఉద్దేశంతోనే కావాలని వాయిదాలు ఎగ్గొడుతుంటే ఆపమని విడిగా ఉత్తర్వు కోరొచ్చు. అందులో ఆ ఉద్దేశం రుజువు కావాలి. వ్యాపారంలో నష్టం వచ్చి కట్టలేకపోవడం దాని కిందికి రాదు.

ప్రశ్న: ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. ఆవిడ అమ్మనివ్వడం లేదు. 4వ సెక్షన్ కింద వెళ్లొచ్చా?

జవాబు: దాంతో మీ పని కాదు. 4వ సెక్షన్ భాగస్వామి సమ్మతిని తీసేస్తుంది కానీ, ఆమె వాటాను మీకు ఇచ్చేయదు. సమ్మతి వేరు, యాజమాన్యం వేరు. ఇద్దరి పేరు మీదా ఉన్న ఇంటిని మొత్తంగా అమ్మాలంటే ఆమె యజమానిగా సంతకం పెట్టాలి. పెట్టనంటే 2009 నాటి భూమి, బదిలీ చట్ట సంస్కరణల చట్టం 31వ సెక్షన్ కింద అమ్మకానికి ఉత్తర్వు కోరాలి. ఉమ్మడి హక్కును విడదీయడానికి ఆమె సమ్మతి ఇవ్వకపోతే, అది అసమంజసమని తేలితే దాన్ని పక్కన పెట్టే అధికారం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇద్దరూ కలిసి ఒకే కాంట్రాక్టు మీద సంతకం పెడితే విడిగా సమ్మతి పత్రం లేదని తర్వాత తిరగబడటం కుదరదని కూడా సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది.

దంపతుల మధ్య వేర్పాటు కేసు ఎలాగూ నడుస్తుంటే, అమ్మకం కోసం ఇంకో కేసు వేయడం డబ్బు దండగ. జుడీషియల్ సెపరేషన్‌లోనూ (విడాకులు కాకుండా కోర్టు ఇచ్చే వేర్పాటు), విడాకుల్లోనూ ఇంటి అమ్మకానికి, బదిలీకి కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. ఇల్లు ఒకరికి ఇచ్చేస్తే ఇకమీదట రెండోవారి సమ్మతి అక్కర్లేదన్న మాటను కూడా ఆ ఉత్తర్వులోనే రాయించుకోవచ్చు. సెపరేషన్‌లో ఇల్లు ఒకరికి దక్కితే, ప్రత్యేక కారణం లేనంతవరకు కోర్టు అలా రాయాలి. అడగడం మర్చిపోతే ఐదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు మాజీ భాగస్వామి చుట్టూ తిరగాల్సి వస్తుంది. విడాకులు పూర్తయితే భార్యాభర్తలే కాదు కాబట్టి ఈ సమ్మతి ప్రశ్నే ఉండదు. ఐర్లండ్‌లో విడాకులకు గత మూడేళ్లలో రెండేళ్లు వేరుగా ఉండాలన్న నియమం 2019 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: మా వారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇల్లు నా పేరు మీద ఉంది. ఆయన సమ్మతి ఎలా?

జవాబు: మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. తల ఊపో, బొమ్మల పలకతోనో తన నిర్ణయం తెలపగలిగితే ఆయన సమ్మతి ఇవ్వగల మనిషే. 2023 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకొచ్చిన సహాయక నిర్ణయ చట్టం, ఏ మనిషికైనా సామర్థ్యం ఉందనే మొదలుపెట్టాలని, ఫలానా నిర్ణయానికి ఆ సమయంలో సామర్థ్యం ఉందా లేదా అని విడివిడిగా చూడాలని చెప్తోంది. డాక్టరు రిపోర్టులో 'పక్షవాతం' అని రాస్తే చాలదు. ఇల్లు అమ్మడమంటే ఏమిటో, తర్వాత ఎక్కడ ఉంటారో అర్థం చేసుకోగలరా, గుర్తుంచుకోగలరా, తూచి చెప్పగలరా అని రాయించండి. నిజంగానే చేతకాకపోతే కోర్టు ఆయన తరఫున సమ్మతి ఇచ్చే దారి ఉంది. అక్కడ చూసేది ఆ అమ్మకం సబబైనదా కాదా అని. ఆయన చికిత్స, సంరక్షణ ఎక్కడ, ఎంత ఖర్చుతో జరుగుతాయన్న వివరం లేకుండా ఆ దరఖాస్తు వేయకండి.

ప్రశ్న: మేం పెళ్లి చేసుకోలేదు, నాలుగేళ్లుగా కలిసి ఉంటున్నాం. నా సమ్మతి లేకుండా అతను అమ్మేయొచ్చా?

జవాబు: అమ్మేయొచ్చు. సహజీవనంలో ఉన్నవారికి ఈ సమ్మతి హక్కు లేదు. భార్యాభర్తలకు ఉన్నట్టే 2011 జనవరి 1 నుంచి రిజిస్టరైన సివిల్ భాగస్వాములకు (పెళ్లి కాకుండా, జంటగా చట్టబద్ధంగా నమోదైనవారికి) 2010 చట్టం ఈ హక్కు ఇచ్చింది, కోర్టు మినహాయింపు కూడా అదే పద్ధతిలో. సహజీవనంలో 5 ఏళ్లు, బిడ్డ ఉంటే 2 ఏళ్లు దాటితే విడిపోయాక కొన్ని ఆర్థిక హక్కులు కోరొచ్చు. అది అమ్మకాన్ని ముందే ఆపే సాధనం కాదు. ఇంటికి మీరు డబ్బు పెట్టి ఉంటే దాని రుజువులు జాగ్రత్త చేసి, వెంటనే వకీలును కలవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు ఫ్లాట్ ఉంది, ఆయన ఒక్కడి పేరు మీదే. ఐర్లండ్‌లో ఉంటున్నాం కాబట్టి దానికి కూడా నా సమ్మతి కావాలా?

జవాబు: ఐరిష్ చట్టం ఆ ఫ్లాట్ జోలికి రాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇలాంటి సాధారణ నియమమే లేదు. భర్త పేరు మీది స్వార్జిత ఆస్తిని భర్త ఒక్కడే రిజిస్ట్రేషన్ చేసివ్వగలడు. కొనేవారు, బ్యాంకులు భార్య సంతకం అడిగితే అది వాళ్ల ముందుజాగ్రత్త.

అలాగని దారి లేకపోలేదు. 2005 గృహహింస చట్టంలోని 19వ సెక్షన్ కింద, కాపురమున్న ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మేజిస్ట్రేట్ ఆపగలరు. ఆ ఇంటి మీద భార్యకు వాటా ఉండాలన్న షరతు లేదు. అది అత్తమామల పేరు మీదున్నా కాపురమున్న ఇల్లే కావచ్చని భారత సుప్రీంకోర్టు 2020 అక్టోబర్‌లో చెప్పింది. తేడా ఒకటే. ఐర్లండ్‌లో సమ్మతి అడగాల్సిన బాధ్యత అమ్మేవారిదీ కొనేవారిదీ. ఇండియాలో అమ్మకం జరిగిపోకముందే భార్యే కదలాలి.

ప్రశ్న: మా ఆయనకు తెలియకుండా ఆయన ఇల్లు అమ్మకుండా ముందే ఏదైనా చేసి పెట్టుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, ప్రభుత్వ రుసుము కూడా లేదు. ఐర్లండ్ ఇంటికైతే 1976 చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఫలానా వ్యక్తిని పెళ్లి చేసుకున్నానని, ఆయనకు ఆ ఆస్తిలో హక్కుందని తెలుపుతూ ల్యాండ్ రిజిస్ట్రీలోనో రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లోనో నోటీసు నమోదు చేయించుకోవచ్చు. ఇల్లు ఫోలియో ఉన్నదైతే ల్యాండ్ రిజిస్ట్రీ, పాత దస్తావేజుల మీద ఉన్నదైతే రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్. ఏది ఎక్కడో ముందు చూసుకోండి, తప్పు చోట పెడితే కొనేవారి కంట పడదు. పెళ్లి సర్టిఫికెట్, ఫోలియో నంబరు దగ్గర పెట్టుకోండి. గుంటూరు, వరంగల్ లాంటి చోట్ల చేసుకున్న పెళ్లికి రిజిస్ట్రేషన్ చేయించుకోని వాళ్లు ముందు ఆ పని పూర్తిచేయాలి. శుభలేఖ, ఫోటోలు ఇక్కడ సరిపోవు.

నోటీసు పెట్టనంత మాత్రాన మీ హక్కు పోదు, నోటీసు లేదు కాబట్టి పెళ్లే లేదని ఊహించకూడదని చట్టమే చెప్తోంది. పెడితే మాత్రం 'నాకు తెలియదు, మంచి మనసుతో కొన్నాను' అని కొనేవారు అనడానికి వీలుండదు. దీనివల్ల ఇంట్లో సగం మీదవుతుందని మాత్రం అనుకోవద్దు. కాపురమున్న ఇంటిని దానంతటదే ఇద్దరి ఉమ్మడి ఆస్తిగా మార్చాలని తెచ్చిన 1993 బిల్లును సుప్రీంకోర్టు 1994లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సగం కావాలంటే ఆయనతో మాట్లాడి ఇద్దరి పేరు మీదకు మార్పించుకోవాలి. భార్యాభర్తల మధ్య కాపురమున్న ఇంటిని అలా ఉమ్మడి చేసుకునే బదిలీకి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రీ రుసుము లేకుండా 1976 చట్టం 14వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. ఇంటి మీద లోను ఉంటే మాత్రం ముందుగా బ్యాంకు అనుమతి తీసుకోవాలి.